కాల్ కట్ చేసింది నేను కాదమ్మా

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మాకు రాత్రి ఎనిమిదిన్నర అయితే, ఈ వేసవి నెలల్లో తెనాలిలో పొద్దున్న ఏడు. అమ్మ కాఫీ కలుపుకుని ఫోన్ ముందు కూర్చునే వేళ. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆ అరగంట మా ఇద్దరిదీ. పెద్దగా మాట్లాడుకునేదేమీ ఉండదు. ఆవిడ దొండకాయల ధర చెబుతుంది, నేను మా వాడు ఏం తిన్నాడో చెబుతాను.

కొత్త రౌటర్ కొన్న వారానికే ఆ అరగంట ముక్కలు ముక్కలైంది. అమ్మ మొహం నోరు తెరిచినట్టే ఆగిపోవడం, చక్రం తిరగడం, కట్. మళ్ళీ చేస్తే నాలుగు నిమిషాలు, మళ్ళీ కట్. మూడో వారంలో ఆవిడ చాలా మామూలుగా, "నీకు పనులుంటే చెప్పు అమ్మాయ్, నేనే పెట్టేస్తాను. మధ్యలో కట్ చెయ్యడం ఎందుకు?" అంది. నెట్ పోయిందమ్మా అంటే, "సర్లే" అంది. ఆ "సర్లే" ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. గుడికి వెళ్ళానంది తర్వాత.

మా ఇంట్లో వైఫై మా వారి శాఖ. "వెనక్కి ఇచ్చేద్దాం, ఇంకా పది రోజుల గడువుంది" అన్నారు. కస్టమర్ కేర్ వాళ్ళు ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యమన్నారు. ఆ పని అప్పటికే పదిసార్లు చేశాను. అప్పుడు గుర్తొచ్చింది, నేనూ ఒకప్పుడు బీఎస్సీలో ఫిజిక్స్ రికార్డు శుభ్రంగా రాసినదాన్నే కదా అని. మా వాడి పాత నోట్‌బుక్ వెనక పేజీల్లో గళ్ళు గీశాను. ఎన్నింటికి పోయింది, ఏ ఫోన్, ఏ గది, ఆ సమయంలో ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పోతున్నది ఇంటికి వచ్చే నెట్టా, ఇంట్లో తిరిగే వైఫైనా? మనం రెండిటినీ ఒకటే అనుకుంటాం. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి పెట్టండి. ఫోన్‌లో పోయినప్పుడు దాంట్లోనూ పోతే తప్పు మోడెమ్‌దో, కంపెనీ లైనుదో. గోడలోంచి మోడెమ్‌కి వచ్చే కేబుల్ మర వదులైందేమో చూసి, కాకపోతే వాళ్ళకి ఫోన్ చెయ్యండి. మా ల్యాప్‌టాప్ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంది. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

నాలుగు రోజులు రాసేసరికి ఎక్కువ గీతలు ఎనిమిదిన్నరకీ తొమ్మిదికీ మధ్యే పడ్డాయి. వాటి పక్కన ప్రతిసారీ ఒకటే మాట: "బాబుకి పాలు". పాలు వేడి చేసేది మైక్రోవేవ్‌లో. నేను పడగ్గదిలో అమ్మతో మాట్లాడుతుంటే మా వారు వంటింట్లో పాలు పెట్టేవారు.

వైఫైకి మామూలుగా రెండు దారులుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ అలలు గోడలు దాటి దూరం పోతాయి, 5 గిగాహెర్ట్జ్‌వి వేగంగా పనిచేస్తాయి కానీ గోడల దగ్గర నీరసపడతాయి. దూరంగా పడగ్గదిలో ఉన్న నా ఫోన్ 2.4 పట్టుకుని కూర్చుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా సుమారు 2.45 దగ్గరే! లోపల వెయ్యి వాట్ల శక్తి, బయటకి కారేది రవ్వంత. అది మనకి హాని చేసేటంత కాదు, కానీ రౌటర్ పంపేది ఒక వాట్ లోపే. పక్కన మైకు పెట్టి భజన చేస్తుంటే గుసగుసలు వినపడతాయా?

పైగా ఆ రౌటర్‌ని మైక్రోవేవ్ పక్కన, స్టీలు డబ్బాల వెనక దాచింది నేనే. నాలుగు యాంటెన్నాలతో హాల్లో సాలెపురుగులా ఉందని. స్టీలు ఈ అలల్ని లోపలికి పోనివ్వదు, తిప్పికొడుతుంది. పెద్ద అద్దం, నీళ్ళ తొట్టి కూడా అడ్డే. హాలు మధ్యలో పుస్తకాల అర మీదకి మార్చాను. చూడ్డానికి ఇప్పటికీ బాగోలేదు, ఉండనివ్వండి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి మరొక సంగతి. 2.4లో అమెరికాలో 11 ఛానెళ్ళున్నా, ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. పక్కింటివాళ్ళు ఏది వాడుతున్నారో ఫోన్ యాప్‌లో చూసి, ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.

సమస్య తీరిందనుకున్నాను. మూడు రోజుల తర్వాత పదకొండింటికి, పాలూ లేవు, పొయ్యీ లేదు, వైఫై ఒక నిమిషం పాటు మాయం. సాయంత్రం ఇంకోసారి. ఈసారి రౌటర్ లాగ్ తెరిచాను. దాని అడుగున స్టిక్కర్ మీద ఉన్న చిరునామా, పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో కొడితే వస్తుంది. అక్కడ కనపడిన మాట చూసి నవ్వొచ్చింది: రాడార్!

మా ఇంటికి విమానాశ్రయం దగ్గర. గాలివానల్ని పసిగట్టే రాడార్లు కొన్ని 5 గిగాహెర్ట్జ్ దారిలోనే పనిచేస్తాయి. అందుకని అమెరికాలో 52 నుంచి 144 వరకు ఛానెళ్ళు వాడే రౌటర్ రాడార్ జాడ తగిలితే వెంటనే తప్పుకుని, అరగంట దాకా ఆ ఛానెల్ జోలికి రాకూడదు. అలాంటిదే ఇంకో ఛానెల్‌కి వెళ్తే ముందు ఒక నిమిషం చెవి ఒగ్గి వినాలి. ఆ నిమిషమే నాకు పోతున్న నిమిషం. హాల్లోకి మార్చాక నా ఫోన్ 5 పట్టుకుంది కాబట్టి ఇది ఇప్పుడు బయటపడింది. అది నిజం రాడారో, మా రౌటర్ భ్రమపడిందో తెలీదు. ఛానెల్ "ఆటో" తీసేసి 36 పెట్టాను. 36 నుంచి 48 దాకా ఈ గొడవ లేదు. పనిలో పనిగా రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, కంపెనీవాళ్ళ పాత డబ్బా ఇంకా పంపుతున్న వైఫైని కూడా ఆపేశాను. ఫోన్ రెండిటి మధ్యా ఊగిసలాడకుండా.

దుబాయ్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఇదంతా విని తన రౌటర్ మార్చబోయింది. ఆగమన్నాను. అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచెయ్యకపోవడానికి కారణం దేశం నిబంధన. అక్కడ అనుమతి ఉన్న యాప్‌తో చేస్తే సరిపోతుంది.

గడువుకి రెండు రోజుల ముందు మా వారు రౌటర్ అట్టపెట్టె తీశారు. నోట్‌బుక్ చేతిలో పెట్టాను. రెండు పేజీలు తిప్పి, "పాలు నేను స్టవ్ మీద కాస్తాలే" అన్నారు.

అమ్మకి రాడార్ సంగతి చెప్పలేదు. పాల సంగతి చెప్పాను. "అయితే అన్నాళ్ళూ అల్లుడుగారి వల్లనా?" అని పగలబడి నవ్వింది. నాన్న పోయాక అంత గట్టిగా నవ్వగా వినలేదు.

మొన్న మళ్ళీ కట్ అయింది. గుండె జారి, నోట్‌బుక్ కోసం లేచాను. ఐదు నిమిషాలకి అమ్మే మామూలు ఫోన్ చేసింది. "ఇక్కడ కరెంటు పోయిందే. ఈసారి మేమే!"