గాలి దిక్కు చెప్పే బాణం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇలాంటి సమయాల్లో శ్రీకాకుళం జిల్లా అంతటా గాలి ఒకే వైపు నుంచి కొట్టదు. మన అర్ధగోళంలో తుపాను గాలి కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. పలాస దగ్గర కేంద్రం ఉంటే ఇచ్ఛాపురం వైపు తూర్పు, ఆగ్నేయాల నుంచి, శ్రీకాకుళం వైపు వాయవ్యం నుంచి వీస్తుంది.

అంటే గాలి దిక్కు తెలిస్తే తుపాను ఏ వైపు ఉందో అంచనా కట్టవచ్చు. డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన సూత్రం ఇదే: గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. దిక్కు మారే తీరు మరింత చెబుతుంది. తుపాను సముద్రం మీద నుంచి వస్తున్నప్పుడు గాలి ఈశాన్యం నుంచి ఉత్తరానికి, ఆపై వాయవ్యానికి, పడమరకు తిరిగితే కేంద్రం మన ఊరికి ఉత్తరంగా పోతున్నట్టు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరంగానే తీరం దాటింది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం దక్షిణంగా పోతున్నట్టు.

ఈ మార్పును కంటికి చూపేది పవన సూచిక. ఏథెన్సులో రెండు వేల ఏళ్ల నాటి పవన గోపురం మీద కంచుతో చేసినది ఒకటి ఉండేది. దాని రహస్యం ఒక్కటే: ఇరుసుకు రెండు వైపులా బరువు సమానం, వైశాల్యం మాత్రం తోక వైపు ఎక్కువ. గాలి తోకను అవతలికి నెడుతుంది కనుక మొన గాలి వచ్చే దిక్కుకు నిలుస్తుంది.

ఇంట్లో చేసుకోవడం తేలిక. 45 సెంటీమీటర్ల తేలికపాటి చెక్క బద్దకు ఒక చివర 20 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అల్యూమినియం రేకు తోకగా బిగించాలి. రెండో చివర చిన్న మొన పెట్టి, దానికి నట్లు కట్టి బరువు సమం చేయాలి. దారంతో వేలాడదీసినప్పుడు బద్ద అడ్డంగా నిలిచే చోటే రంధ్రం చేసి, పైకొన మూసిన ఖాళీ పెన్ను గొట్టాన్ని నిలువుగా అతికించాలి. పీవీసీ పైపు కొసన నిలిపిన సైకిల్ చువ్వ మీద ఆ గొట్టాన్ని తొడిగితే బాణం తిరుగుతుంది. తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ మేలు.

పైపుకు నాలుగు దిక్కుల పుల్లలు కట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందన్న లెక్క ఇక్కడ ఏడాదంతా పనికిరాదు. శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం తర్వాత జూలై చివరి దాకా సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. రాత్రి ధ్రువ నక్షత్రాన్ని చూసి గుర్తు పెట్టుకోవడం నమ్మకమైన దారి. ఉత్తరాన, నేల అంచుకు 18 డిగ్రీల ఎత్తులో అది కనిపిస్తుంది.

వాతావరణ కేంద్రాల్లో సూచికను బయలు ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున నిలుపుతారు. ఇంటి డాబా మీదైతే నీళ్ల ట్యాంకు కన్నా, కొబ్బరి మట్టల కన్నా ఎత్తుగా ఉండాలి. లేకపోతే సుడి గాలికి బాణం ఊరికే ఊగుతుంది.

తుపాను లేని రోజుల్లోనూ దానికి పని ఉంటుంది. వేసవిలో భోగాపురం, కళింగపట్నం తీరాల్లో ఉదయం నేల నుంచి వీచే గాలి, ఎండ ముదిరాక సముద్రం వైపు నుంచి వీయడం మొదలుపెడుతుంది. ఆ వేళను రోజూ పుస్తకంలో రాసుకుంటే పిల్లలకు మంచి ప్రయోగం. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం విశాఖపట్నం తుపాను హెచ్చరిక కేంద్రం మాటే ప్రమాణం. గాలి ముదరకముందే బాణాన్ని ఊడదీసి లోపల పెట్టాలి, ఎగిరే రేకు ప్రాణం తీయగలదు.