కాంతి ఉలి

మేము యాచారం నుండి ఇబ్రహీంపట్నం మీదుగా నగరానికి పోవునపుడు దిల్‌సుఖ్‌నగర్ తగులును. 2013 ఫిబ్రవరి 21న అచట బాంబులు పేలి పలువురు అసువులు బాసిరి. పేలుడు పదార్థం లేశమాత్రంగా ఉన్నప్పుడే గుర్తింపగలమా?

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య సోమ వేణుగోపాలరావు బృందం ఇందుకై లేజరు కాంతిని ఉలిగా చేసుకొన్నది. సెకనులో పది కోట్ల కోట్లవ వంతు ఒక ఫెమ్టోసెకను. అట్టివి కొన్ని పదులు మాత్రమే నిలిచే కాంతి తాకిడికి, వేడి చుట్టూ పాకకమునుపే, లోహంపై వెంట్రుకలో నూరవ వంతుకన్న సన్నని చాళ్లు ఏర్పడును.

ప్రతి పదార్థపు అణువులు కాంతిని తమదైన రీతిలో రంగు మార్చి వెదజల్లునని 1928లో రామన్ కనుగొనెను. చాళ్లలో చిక్కిన అణువుల ఈ క్షీణకాంతిని వెండి మిక్కిలి పెంచును. బంగారం కలిసిన మిశ్రమలోహం త్వరగా నల్లబడదు.

ప్రాణం కాపాడు విజ్ఞానమే సార్థకమని మా విశ్వాసం.