మొరాయించిన పాత కారు: కారణము నెరుగు విధము

హిందూస్థాన్ మోటార్సు వారి అంబాసిడర్ కారు 1950 దశాబ్దము చివరినుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైనది. తయారీ నిలిచిపోయినను, ఆ బండిని ప్రీతితో కాపాడుకొనుచున్న కుటుంబములు నేటికిని కలవు. లోపమెక్కడనో తెలియకమునుపే సామానులు మార్చుటవలన వారి ధనము చాల వ్యర్థమగుచున్నది. వైద్యుడు నాడి చూచిన పిదపనే మందిచ్చును. బండి విషయములోను అదియే క్రమము. పెట్రోలు ఇంజనుగల పాత అంబాసిడరుకు ఇంటివారు స్వయముగా చేయదగిన పరీక్షలను మేమిచ్చట వివరించుచున్నాము.

ఉదయము బండి కదలనిచో ముందుగా సెల్ఫు శబ్దమును వినవలెను. ఇంజను తిరుగక 'టిక్కు'మని ఆగినచో హెడ్‌లైట్లు వెలిగించి మరల సెల్ఫు వేసి చూడుడు. దీపములు మిక్కిలి మసకబారినచో బ్యాటరీలో శక్తి తగ్గియుండును, లేదా దాని టెర్మినళ్లపై తెల్లని పొడి పేరుకొనియుండును. వేడినీటిలో వంటసోడా కలిపి ఆ పొడిని కడిగి, ఆరిన పిదప బిగించి, పైన వాజిలీను పూయవలెను. బాడీకి కలిపిన ఎర్తు తీగను మొదట విప్పి, చివర బిగింపవలెను. బ్యాటరీనుండి వెలువడు వాయువు మండునది గనుక దగ్గర చుట్ట, బీడీ పనికిరావు.

ఇంజను చక్కగా తిరుగుచున్నను అంటుకొననిచో, నిప్పురవ్వ గాని పెట్రోలు గాని అందుటలేదని యర్థము. వేరొక మంచి ప్లగ్గును తీగకు తగిలించి, రబ్బరు పిడిగల పటకారుతో పట్టి, దాని లోహభాగమును ఇంజనుకు ఆనించి, మరియొకరిచేత సెల్ఫు వేయింపవలెను. ఆ సమయమున గేరు న్యూట్రలులో ఉండవలెను. దగ్గర పెట్రోలు చెమ్మ ఉండరాదు. నీలిరంగు రవ్వ బలముగా కనబడినచో పెట్రోలు మార్గమును చూడవలెను. రవ్వ లేనిచో డిస్ట్రిబ్యూటరు మూత తీసి, తేమను తుడిచి, పాయింట్లను పరీక్షింపవలెను. అవి పూర్తిగా విడివడినపుడు నడుమ ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను. క్రొత్త పాయింట్లు కూడ త్వరత్వరగా కాలిపోవుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. దానిని విడిచి నెలనెల పాయింట్లు మార్చుట రోగమును వదలి జ్వరమునకు మందిచ్చుటయే.

వేసవి మధ్యాహ్నమున కొంతదూరము నడచి ఆగిపోయి, చల్లారిన పిదప మరల నడచు బండ్లున్నవి. పెట్రోలు గొట్టములో ఆవిరియై అడ్డుపడుట ఇందుకొక కారణము. కాయిలు వేడెక్కి పనిచేయకుండుట మరియొకటి. ఆగిన వెంటనే పై విధముగా రవ్వను పరీక్షించినచో రెండింటికిగల భేదము తేలిపోవును. రవ్వ ఉన్నచో పెట్రోలు పంపుపైనను గొట్టముపైనను తడిగుడ్డ వేసి, చల్లారువరకు వేచియుండవలెను.

ఇంజను మితిమీరి వేడెక్కినపుడు రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. ఒత్తిడితో చిమ్ము మరుగునీరు ముఖమును కాల్చును. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో ఇనుము పగులవచ్చును. చల్లారిన పిదప ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడుడు; సుమారు 12 మిల్లీమీటర్లకంటె హెచ్చుగా లొంగినచో అది వదులైనది. బయట ఎచ్చటను కారకుండనే నీరు తగ్గుచు, నూనెమూత క్రింద పాలవంటి మడ్డి కనబడినచో హెడ్ గాస్కెట్టు చెడియుండవచ్చును. అట్టి బండిని నడుపరాదు.

బ్రేకుల విషయములో మాత్రము మేము ఇంటి ప్రయోగములను సూచింపము. పెడలు మెల్లగా క్రిందికి దిగిపోయినను, ద్రవము తరచుగా తగ్గినను, బండి ఒక ప్రక్కకు లాగినను మెకానికు వద్దకు చేర్పవలెను. అదియును నడిపికాక, లాగించి. పాత బండ్లలో నాలుగు చక్రములకును ఒకే ద్రవమార్గము ఉండుటచేత, ఒకచోట కారినను అన్నిటి పట్టును పోవును. ద్రవము పోసి ప్రయాణము సాగించుట ప్రాణములతో చెలగాటము.

తక్కిన మరమ్మతులలో ఒకమారు ఒక్కదానినే మార్చి, ఫలితమును చూచి, తేదీతో ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు. రెండింటిని ఒక్కమారే మార్చినచో ఏది గుణమిచ్చినదో ఎవ్వరికిని తెలియదు. ఆ పుస్తకము మెకానికునకును దారి చూపును. మీ ఖర్చును తగ్గించును.