పళ్ళెం అంచున అరవై ఎముకలు

గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి వెళ్ళే బస్సు ఎక్కితే దారిలో కూచిపూడి వస్తుంది. అటు బందరు, ఇటు దివిసీమ, ఏదీ దూరం కాదు. ఆ ఊరి పేరే నాట్యానికీ పేరయింది. ఆ నాట్యంలో తరంగం చూశారా? నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు మోపి, తాళం తప్పకుండా పళ్ళాన్ని నడిపిస్తుంది. కొందరు తలమీద నీళ్ళ చెంబు కూడా పెట్టుకుంటారు. చూసేవాళ్ళ కళ్ళన్నీ చెంబు మీదే ఉంటాయి. మనం మాత్రం కాళ్ళ వైపు చూద్దాం. ఒక్కో కాలిలో 30 ఎముకలు, రెండు కాళ్ళకు 60. వాటిని మొండేనికి తగిలించే తుంటి ఎముకలు మరో రెండు.

ఈ పేర్లు బట్టీపడితే పరీక్ష అయిన మర్నాటికి ఒక్కటీ మిగలదు. మీ ఒంటినే పుస్తకం చేసుకోండి. నడుముకు చేతులు పెట్టుకుని నిలబడండి. లాగూ, పావడా జారకుండా ఆగే చోట చేతికి గట్టిగా తగిలే అంచు ఇలియం. ఇప్పుడు అరచేతులు కింద పెట్టుకుని చెక్క బెంచీ మీద కూర్చోండి. చేతుల్ని నొక్కే రెండు గుబ్బలూ ఇస్కియానివి. లెక్కల పిరియడు ముగిసేసరికి నొప్పెట్టేవి అవే! పొత్తికడుపు కింద ముందువైపున ఉండేది ప్యూబిస్.

ఈ మూడూ కలిస్తే ఒక తుంటి ఎముక. పెద్దవాళ్ళలో అది ఒకే ఎముక. మీలో చాలామందికి ఇంకా కాదు. మూడూ కలిసేచోట ఒక లోతైన గుంట ఉంది. ఆ గుంటలో, ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో మెత్తని మృదులాస్థి ఉంటుంది. సుమారు పదమూడు నుంచి పదహారేళ్ళ మధ్య అది ఎముకగా మారి, మూడింటినీ అతికిస్తుంది. ఆడపిల్లల్లో కాస్త ముందు. మీరు ఈ వ్యాసం చదువుతుండగానే ఆ అతుకు పడుతూ ఉండవచ్చు.

రెండు తుంటి ఎముకలూ, వెనుక వెన్నెముక చివరనున్న త్రికాస్థీ కలిసి గిన్నెలాంటి కటి వలయం ఏర్పడుతుంది. స్త్రీలలో ఇది వెడల్పు, పురుషులలో ఇరుకు. కూచిపూడిలో వెనకటి రోజుల్లో ఆడవేషాలన్నీ మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935-2012) భామాకలాపంలో సత్యభామగా నడిచివస్తుంటే మగవాడంటే నమ్మబుద్ధయ్యేది కాదట. ఎముక మారదు కదా! ఆ నడకంతా కండరాలకు నేర్పిన విద్య.

ఇక ఆ గుంటలో కూర్చునేది తొడ ఎముక తల. తొడ ఎముకను ఫీమర్ అంటారు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైనది, ఇంచుమించు మన ఎత్తులో నాలుగోవంతు. దాని తల బంతిలా గుండ్రంగా ఉండబట్టే తొడ అన్ని వైపులా తిరుగుతుంది. నాట్యం నేర్చుకునే పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. అరమండిలో మోకాళ్ళు పక్కలకు తిరగాలి. ఆ తిరుగుడు తుంటి కీలు దగ్గర మొదలవాలి. తుంటి తిరగకుండా పాదాన్ని మాత్రం బలవంతంగా పక్కకు తిప్పితే మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు ముఖ్యంగా తలుపు బందులా ముడుచుకునే కీలు. మెలికలు దానికి పనికిరావు. మోకాలిచిప్పా పాదం వేళ్ళూ ఒకే దిక్కు చూస్తున్నాయా అని అద్దంలో చూసుకోండి.

తొడ ఎముక తలకూ కాడకూ మధ్య సన్నని మెడ ఉంటుంది. కాడకు వాలుగా, పెద్దవాళ్ళలో 125 నుంచి 130 డిగ్రీల కోణంలో నిలుస్తుంది. తుంటి మీద కొడితే పళ్ళు రాలాయని సామెత. పళ్ళ మాటెలా ఉన్నా, ముసలివాళ్ళు జారిపడి తుంటి విరిగిందంటే చాలాసార్లు విరిగేది తుంటి ఎముక కాదు, ఈ మెడే. తలకు రక్తం ఎక్కువగా ఈ మెడ మీదుగానే వెళుతుంది. మెడ విరిగితే ఆ దారి తెగవచ్చు. అందుకే అది అతుక్కోవడం కష్టం. మీ ఇంట్లో నాయనమ్మ ఉంటే, నూతి దగ్గర పాచిపట్టిన చప్టాను రుద్ది కడిగే పని మీది.

మోకాలి కింద రెండు ఎముకలు. బెంచీ తగిలితే ప్రాణం పోయినంత నొప్పి పుట్టించే ముంగాలి ఎముక టిబియా. బరువులో ఎక్కువ భాగం మోసేది అదే. దాని పక్కన, బయటివైపు సన్నగా ఉండేది ఫిబులా. చీలమండకు రెండు వైపులా ఉన్న గుబ్బలు ఈ రెండింటి చివరలే. తడిమి చూడండి, బయటి గుబ్బ కాస్త దిగువన ఉంటుంది.

పాదంలో 26 ఎముకలు. చీలమండ, మడమ భాగంలో 7, నడిమి పాదంలో 5, వేళ్ళలో 14. బొటనవేలికి రెండే, తక్కిన నాలుగింటికీ మూడేసి. నాట్లకు దమ్ముచేసిన చేలగట్టు మీద, మెత్తని నల్లరేగడిలో నడిచి వెనక్కి తిరిగి అచ్చు చూడండి. మడమ, బయటి అంచు, వేళ్ళ మొదళ్ళు పడతాయి. లోపలివైపు మధ్యలో ఖాళీ. పాదం ఎముకలు అక్కడ వంతెన కమానులా నిలిచి ఉన్నాయన్నమాట. చంటిపిల్లలకు ఆ ఖాళీ ఉండకపోవడం సహజమే. కమాను పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

టిబియా కింద కూర్చున్న ఎముక టాలస్. దాన్ని ఏ కండరమూ అంటుకుని ఉండదు. దానికీ మడమ ఎముకకూ మధ్యనున్న కీలు వల్లే ఏటవాలు గట్టు మీద పాదం పక్కకు ఒరిగి నిలబడగలుగుతుంది. పళ్ళెం అంచున నిలిపేదీ ఈ ఒరుగుడే. దీని విలువ కాలు పోయినవాళ్ళకు తెలుస్తుంది. పాతకాలపు విదేశీ కృత్రిమ పాదానికి చీలమండ బిగుసుకుని ఉండేది, బూటు తప్పనిసరి. బురదలో దిగే రైతుకూ, బాసింపట్టు వేసుకుని భోంచేసేవాడికీ అదేం పనికొస్తుంది? 1968 ప్రాంతంలో జైపూర్‌లో శిల్పి రామచంద్రశర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరు, చెక్కతో పక్కలకు ఒరిగే పాదం తయారుచేశారు. 1981లో ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ ఆ జైపూర్ పాదంతోనే తిరిగి నాట్యమాడారు. 1985లో వచ్చిన తెలుగు సినిమా ‘మయూరి’ ఆమె కథే, నటించిందీ ఆమే. ఆ పాదానికి బూటు అక్కర్లేదు. నీళ్ళలో తడిసినా ఫరవాలేదు, దానితో చేలో దిగి నాట్లు వేయవచ్చు.