ఫొటో పెద్దది చేసే ముందు ఒరిజినల్ వెతకండి

దోహాలో మా గదిలో ఉండే జగిత్యాల తమ్ముడి తండ్రి ఈమధ్య చనిపోయారు. సెలవు దొరకలేదు. కనీసం పెద్దకర్మలో పెట్టే ఫొటో అయినా ఇక్కడే ప్రింటు తీయించి, ఊరెళ్లే వాళ్లతో పంపుతానన్నాడు. అతని దగ్గర ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన ఒక్క ఫొటో.

దాని కొలత 1200×1600 పిక్సెళ్లు. 12×16 అంగుళాల ప్రింటు తీస్తే అంగుళానికి 100 పిక్సెళ్లే వస్తాయి, ముఖం మసకగా ఉంటుంది. గోడకు పెట్టే ఫొటోకు సుమారు 200 ఉండాలి, 300 ఉంటే ఇంకా మంచిది.

ఏఐ యాప్‌తో నాలుగు రెట్లు పెంచి చూశాం. తళతళలాడింది. కానీ తమ్ముడు, "గీయన మా బాపు లెక్క లేడన్నా" అన్నాడు. నిజమే. ఫొటోలో లేని వివరాలను యాప్ ఊహించి నింపుతుంది. ముడతలు పోతాయి, చూపు మారుతుంది.

ఫొటో తీసిన చెల్లెలికి ఫోన్ చేశాం. ఒరిజినల్ ఆమె ఫోన్‌లోనే ఉంది: 3000×4000. మామూలు ఫొటోలా కాకుండా వాట్సాప్‌లోనే 'డాక్యుమెంట్'గా పంపించుకున్నాం. అలా పంపితే సైజు తగ్గదు. అంగుళానికి 250 పిక్సెళ్లు వచ్చాయి, పెంచే పనే లేకపోయింది.

ఒరిజినల్ దొరక్కపోతే ఉచితంగా వచ్చే అప్‌స్కేల్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడండి, కానీ రెండు రెట్లకే ఆగండి. కళ్లు, నోరు పాత ఫొటోతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే చిన్న ఫ్రేమే కట్టించండి. ఫొటో చిన్నదైనా ఫరవాలేదు, అందులో మన మనిషే ఉండాలి.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నల ఒరిజినల్ ఫొటోలు అడిగి తెప్పించుకోండి.