పేరొకటే, విషం వేరు

లేత జొన్నపైరు మేసి పశువు పడిపోవడం మీకు తెలియనిది కాదు. అదే పైరు ముదిరి చొప్పయితే నిశ్చింతగా మేపుతాము. అంటే మొక్క పేరు తెలిస్తే చాలదు, వయస్సూ తెలియాలన్నమాట. అది మొలిచిన చోటు కూడా తెలియాలని అమెరికా పడమటి రాష్ట్రాల పశుపాలకుల అనుభవం చెబుతున్నది. ఆ సంగతి ఈరోజు చెప్పుకొందాము.

అక్కడి బీళ్ళలో లూపిన్ అనే అడవిమొక్కలు విస్తారంగా పెరుగుతాయి. జనుము, ఉలవల మాదిరి ఇవీ చిక్కుడు కుటుంబానివే. వీటిలో ఆల్కలాయిడ్లు అనే చేదు పదార్థాలుంటాయి. అందులో అనాజిరిన్ అనేది కడుపులోని దూడకు శత్రువు. చూడి కట్టిన 40వ రోజుకూ 100వ రోజుకూ మధ్య ఆవు దానిని మేసిందనుకోండి. తల్లికి పైకి ఏ జబ్బూ కనిపించకపోవచ్చు. కాని కడుపులో పిండం కదలిక మందగిస్తుంది. కదలవలసిన కాళ్ళు కదలక వంకర తిరిగి బిగుసుకుపోతాయి. వెన్ను వంగుతుంది. ఒక్కొక్కప్పుడు అంగిలి చీలుతుంది. ఇవన్నీ ఈనిన నాడుగాని బయటపడవు. 1997లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఆడమ్స్ కౌంటీ అనే ఒక్క ప్రాంతంలోనే 4,000కు పైగా దూడలు ఇలా దెబ్బతిన్నాయి.

"అయితే ఆ మొక్కను పీకి పారేస్తే సరి కదా?" అని మీరడగవచ్చు. వేల ఎకరాల బీడులో అది సాగే పని కాదు. విత్తనం ఏళ్ళ తరబడి నేలలో చెడకుండా ఉండి, అదను కుదిరిన ఏడు గుంపుగా మొలుస్తుంది. పైగా ప్రతి లూపినూ దూడను వంకర చేయదు.

అసలు విశేషం ఇక్కడే ఉన్నది. యూటా రాష్ట్రంలోని లోగన్‌లో విషపుమొక్కల పరిశోధనశాల ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు గంధకపు రంగు పూలు పూసే లూపిన్ జాతి నొకదానిని తీసుకొని, పలుచోట్ల నుంచి మొక్కలు సేకరించి పరీక్షించారు. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఆ ఒక్క జాతిలోనే 7 రకాల ఆల్కలాయిడ్ల కూర్పులు తేలాయి. ఒక్కొక్క కూర్పు ఒక్కొక్క ప్రాంతానిది. ఆ ఏడింటిలో ఒక్కదానిలోనే అనాజిరిన్ ఉన్నది! జాతి ఒకటే అయినా, ఒక ప్రాంతపు మొక్క దూడను చెరిపితే, మరో ప్రాంతపు మొక్కలో ఆ విషమే లేదు.

అందుచేత పశుపాలకుడు చేయవలసిందేమిటి? ముందు తన బీటిలోని మొక్కనే పరీక్షకు పంపాలి. ఎండిన మొక్క కిలోకు 1.44 గ్రాముల అనాజిరిన్ ఉంటే ప్రమాదమని లెక్క. ఉన్నదని తేలితే, ఆ 60 రోజులూ చూడి ఆవులను ఆ బీటికి తోలరాదు. లేదా ఆ రోజులు లేతమొక్క, కాయ ఉండే కాలంలో పడకుండా ఆవులను దాటించే అదను మార్చుకోవాలి. చూడి లేని గొడ్లనైనా ఆకలిమీద అందులో వదలరాదు. అనాజిరిన్ లేకపోయినా, లూపిన్ అతిగా మేస్తే విషమే.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. పశువుకు చెరుపు చేసిన మొక్కను గురించి రాసుకొనేటప్పుడు దాని పేరుతో ఆగవద్దు. ఏ ఊరు, ఏ బీడు, ఏ నెల, లేతదా, పూతమీద ఉన్నదా, కాయమీద ఉన్నదా అన్నది కూడా రాయండి. పక్క జిల్లాలో మేసి బాగున్నదని ఇక్కడ మేపవద్దు. అక్కడ చెడ్డదైనదని ఇక్కడి బీడును వదులుకోవద్దు. పరీక్ష చేయించి, ఆపైన తోలండి.