బొగతకు పోతున్నవా తమ్మీ, జర నడిచి సూడు

నాలుగు వానలు పడ్డయంటే సాలు, మన పోరగాండ్ల ఫోన్లన్నీ బొగత వీడియోలే. బైకు మీద ముగ్గురు, పార్కింగుల బండి, మెట్లు దిగుడు, ఓ రీలు, మిర్చి బజ్జి, ఇగ వాపసు. నేను తప్పు పడ్తలేను. ఇరవై ఏండ్లప్పుడు నా కాడ ఫోను లేకుండె గని ఇంతకంటె ఎక్కువ తొందరనే ఉండె. ఆ తొందరల ఏం సూడకుండ వాపస్ వస్తున్నమో నాకు శానా ఆలస్యంగ సమజైంది. అదే మీకు చెప్దామని ఈ రాత.

బొగత ఉన్నది ములుగు జిల్లా వాజేడు మండలంల, చీకుపల్లి వాగు మీద. ముల్లకట్ట కాడ గోదారి మీద వంతెన పడ్డంక హైదరాబాద్ నుంచి కార్లు వరుస కట్టినయ్. తెలంగాణ నయాగరా అని పేరు పెట్టిన్రు. నాకు ఆ పేరు నచ్చదు, మన వాగుకు అమెరికా పేరెందుకు? ఎత్తు చూస్తె ముప్పై అడుగుల దాకే. అయినా ఆ వెడల్పు, ఆ మోత చూస్తె కడుపు నిండుతది.

గా నీళ్లు ఎక్కడియి? పైన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టలయి. ఆ గుట్టల మీద అడవి ఉన్నది కాబట్టే వాగు ఉన్నది. బోడ గుట్ట మీద వాన పడితె నీళ్లు మట్టిని గుంజుకొని గంటల కిందికి ఉరుకుతయ్, రెండు దినాలకు వాగు ఎండుతది. ముదురు అడవిల అట్ల గాదు. చినుకు ముందుగాల పై కొమ్మ మీద పడ్తది, దాని జోరు ఆడనే సగం సస్తది. ఆకు నుంచి ఆకు మీదికి, ఆ తర్వాత నేల మీది ఎండుటాకుల పరుపు మీదికి. ఆ పరుపు కింద మట్టి గుల్లగ ఉంటది. చెదలు, వానపాములు, కుళ్లిన వేర్లు చేసిన సందులల్లకెల్లి నీళ్లు లోపలికి ఇంకుతయ్. నెలల తర్వాత ఏ బండ సందులనో ఊటయి బయటికొస్తయ్. వానలు వెనుకకు పట్టినంక కూడా వాగుల తెల్లటి నీళ్లు పారుతున్నయంటె అది అడవి దాసిపెట్టిన నీళ్లే.

ముదురు అడవిని గుర్తు పట్టుడు కష్టం గాదు, నడిస్తె సాలు. చిన్నయి, నడీడువి, ముసలియి, అన్ని వయసుల చెట్లు ఒక్కకాడనే కనిపిస్తయ్. నల్లమద్ది, ఇప్ప, తునికి, జిట్రేగి, నడుమ వెదురు పొదలు, చెట్టును సుట్టుకున్న లావు తీగలు. సచ్చి నిలవడ్డ మోడు కూడా ఉంటది. దాన్ని పనికిరాని కట్టె అనుకుంటం. గని దాని తొర్రల గుడ్లగూబ ఉంటది, తేనెటీగలు ఉంటయ్. కింద పడ్డ మొద్దు మీద పుట్టగొడుగులు లేస్తయ్. అడుగు వేస్తె నేల మెత్తగ దిగుతది. అదే రోడ్డు పక్క జామాయిలు తోటల నిలవడి చూడున్రి. అన్నీ ఒక్క వయసే, ఒక్క వరుసే, కింద పొద లేదు, పిట్ట లేదు. కాగితం మీద దాన్ని కూడా పచ్చదనం కింద లెక్క రాసుకోవచ్చు. ఓ కాడ పాత అడవి నరికి ఇంకో కాడ మొక్కలు పెడతమని ఎవరన్న చెప్తె, ఈ రెండిటి నడుమ తేడా మీకు కాళ్ల కిందకెల్లి తెలిసి ఉండాలె.

2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిల ఏమైందో యాదికున్నదా? కాసేపు పెనుగాలి వీచింది. 500 ఎకరాల సుట్టుముట్టు వేలకు వేల చెట్లు వేర్లతోని లేచి పడ్డయ్. ఏండ్లకేండ్లు పెరిగిన మాన్లు ఒక్క సాయంత్రంల. తర్వాత ఓ రోజు రోడ్డు మీదికెల్లి చూసిన. పీకిన పంటి లెక్క వేర్లు ఆకాశానికి తిరిగి ఉన్నయ్. ఆడ మళ్ల అసొంటి నీడ పడాల్నంటె మీ మనవలు రావాలె.

ఇగ నీళ్ల సంగతి. ఇది జర మనసు పెట్టి సదవున్రి.

నాకు ఇరవై రెండేండ్లు ఉంటయ్. నలుగురం దోస్తులం గోదారి అవతలి గుట్టలల్ల ఓ చిన్న జలపాతం చూద్దామని పోయినం. పొయ్యేటప్పుడు వాగు మోకాలు లోతు. మీద ఎండ. వాపస్ వస్తుంటె ఒడ్డున ఓ కోయ పెద్దాయన మేకల మేపుతున్నడు. మేం దిగబోతుంటె కర్ర అడ్డం పెట్టిండు. "నీళ్ల రంగు చూడు బిడ్డా" అన్నడు. చూస్తె, పొద్దున గాజు లెక్క ఉన్న నీళ్లు చాయ్ రంగుకు వచ్చినయ్. పచ్చి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నయ్. అయినా మోకాలు లోతే గదా అని మాలో ఒకడు మొండికేసిండు. పెద్దాయన కర్ర తియ్యలే. ఓ చుట్ట కాలేంత సేపటికి మేం దాటుదామనుకున్న కాడ మనిషి మునిగేంత నీళ్లు! ఎండ మా మీదనే ఉన్నది, వాన గుట్ట అవతల పడ్డది. ఆ రాత్రి ఆయన గుడిసెలనే పండుకున్నం. మొండికేసిన దోస్తుకు ఇయ్యాల ఇద్దరు పిల్లలు.

2023 జులైల వెంకటాపురం మండలం వీరభద్రవరం కాడ ముత్యంధారకు పోయినోళ్లకు జరిగింది గిదే. 80 మంది దాకా అడవిల చిక్కుకున్నరు. పొయ్యేటప్పుడు దాటిన వాగు వచ్చేటప్పుడు పొంగింది. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రి పూట పోయి బయటికి తెచ్చిన్రు. అదే వారం మన జిల్లాలనే లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. అంటె రెండడుగుల పైన. అసొంటి దినాలల్ల జలపాతం కాడికి పొయ్యే మొగోడు ఎవ్వడు లేడు.

రంగు మారినా, సెత్త కొట్టుకొచ్చినా, మోత పెరిగినా, అవతలి ఒడ్డున ఉంటె ఆడనే ఎత్తు మీద ఆగున్రి. ఆకలైతది, దోమలు కుడ్తయ్, ఇంట్ల తిడ్తరు. ఆ మాత్రం పడొచ్చు. ఇంకోటి, జలపాతం కింది గుండం. పైనుంచి పడే నీళ్లు కింది బండను తొలిచి తొలిచి గొయ్యి చేస్తయ్. ఒడ్డు కాడ నడుము లోతు, రెండడుగులు ముందుకేస్తె అందదు. పడే నీళ్లు లోపలికి గుంజుతయ్, ఈత వచ్చినోని బలం కూడా ఆడ పనిజెయ్యది. నాచు పట్టిన బండ మీద సెల్ఫీ గురించి చెప్పనే చెప్ప. ఆదిలాబాద్ కుంటాల కాడ ఏండ్ల సంది ఎంతమంది తల్లులు ఏడ్సిన్రో ఆ ఊరోళ్లనడుగున్రి.

అడవిల ఎక్కడ వడితె అక్కడికి పోవచ్చా అంటె, పోవద్దు. ఏటూరునాగారం అభయారణ్యం శానా ఏండ్ల సంది ఉన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండ అభయారణ్యంల అడుగు పెట్టుడు నేరం. ఆడ పుట్టి బతికేటోళ్లది వేరే లెక్క. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకు ఇప్పపువ్వు, తునికాకు, తేనె ఏరుకునే హక్కు ఇచ్చింది. నాకు మండేది ఇక్కడనే. పట్నం నుంచి వచ్చినోడు బీరు సీసాలు పగలగొట్టి పోతడు, ఇంకోడు వాగుల చిక్కుకుంటడు. మర్నాడు దారి బందు. ఆ దారి మీద చాయ్ అమ్ముకునే కోయ ఆడిబిడ్డ రోజు కూలి పోతది. సీసా పెంకు ఆమె మేక కాలికి గుచ్చుకుంటది.

ఇగ సులువుగ నడిచే దారులంటరా, మస్తున్నయ్. తాడ్వాయి దిక్కు దామరవాయి గుట్ట మీద రాక్షసగూళ్లున్నయ్. బండ పలకలు నిలబెట్టి, మీద పలక కప్పిన పాతకాలపు సమాధులు. అడవిలకెల్లి గుట్ట ఎక్కి ఆడిదాక పోతె, ఇంత బరువు రాయి ఎట్ల లేపిండ్రని గంటసేపు మాట్లాడుకోవచ్చు. ఊర్ల తెలిసిన మనిషిని ఎంటబెట్టుకొని పోన్రి, ఆయన కూలి ఆయనకియ్యున్రి, బేరం చెయ్యకున్రి. నల్లమల దిక్కయితె శ్రీశైలం రోడ్డు మీద వటవర్లపల్లి నుంచి మల్లెలతీర్థం. మూడు వందలకు పైన మెట్లుంటయ్, దిగుడు అల్కగుంటది, ఎక్కుడు కాడ ముసలోళ్లు నాలుగు చోట్ల కూసోవాలె. అది అమ్రాబాద్ పులుల అడవి. మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తరు, పొద్దుగాల ఆరు దాక తియ్యరు. ఆ లెక్కతోని బయలెల్లాలె.

నేనైతె వానలు తగ్గినంక, దసరా దాటినంకనే పోత. అప్పటికి జనం పల్చబడ్తది, నీళ్లు తేటగయితయ్, గుండం అడుగు రాళ్లు కనిపిస్తయ్. జల్దిన లేసి పోతె దారి మీద లేళ్ల అడుగులు ఇంకా ఆరకుండ ఉంటయ్. బువ్వ సద్ది గట్టుకొని పోన్రి, కవర్లు వాపస్ తెచ్చుకోన్రి. పాట పెట్టే డబ్బా మాత్రం ఇంట్లనే ఉంచున్రి. పోయినేడు దామరవాయి దారిల ఓ పిల్లగాడు నన్ను ఆపి, "అన్నా, ఆ సప్పుడు ఏంది?" అన్నడు. వడ్రంగి పిట్ట మోడును పొడుస్తున్నది. పదిహేడేండ్లు, అడవి పక్క ఊరే, ఎన్నడు ఇనలేదట. ఇద్దరం అది ఎగిరిపోయేదాక ఆడనే నిలవడ్డం.